ఎండాకాలం కబుర్లు: పూర్ణా మార్కెట్ సంచీ, పిల్స్నర్ గ్లాసూ

ఏప్రిల్ 15 దాటింది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉన్నాయి. జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక ఏటా ఉండే నిషేధమే ఇది. ఈ రెండు నెలలకీ మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెరిగింది. చాలా మంచి పని. పూర్ణా మార్కెట్‌లో చేపల బేరం తీరు మాత్రం మారిపోయింది. కోనెం అడిగితే ఐసు పెట్టె అడుగు నుంచి తీసి చూపిస్తున్నారు. చెరువు చేపలదీ పెంపకం రొయ్యలదీ ఇప్పుడు రాజ్యం. "సంద్రం సేపకి ఇంకా ఆగాల బాబూ. ఎండు నెత్తళ్లు అట్టుకెళ్లండి, ఏపితే కరకరలాడతాయి" అంది నేనెప్పుడూ చేపలు కొనే అమ్మ. ఆవిడ మాట విని పావుకిలో కట్టించాను. వాటిని దేనితో నంజుకున్నామో కాసేపట్లో చెబుతాను. ముందు మామిడికాయల సంగతి.

దుర్గాలమ్మ గుడి దాటి మార్కెట్లోకి వెళ్తే ఇప్పుడు చెవిన పడేది ఆవకాయ కత్తుల చప్పుడే. కాయలు కొన్నవాళ్లు అక్కడే ముక్కలు కొట్టించుకుంటారు. ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, కాలం వృథా కాదు. చెక్క దిమ్మకి ఒక చివర బిగించిన బరువైన కత్తి. ఎడమ చేత్తో కాయని నిలువుగా పట్టుకుని, వేళ్లు తీసీ తియ్యకుండానే కుడి చేత్తో ఒక్క వేటు. టెంకతో సహా రెండు చెక్కలు. చెక్కని తిప్పి ఇంకో వేటు, మళ్లీ తిప్పి మరోటి. లోపలి జీడి ఊడి దిమ్మ పక్కన పడుతుంది. ప్రతి ముక్కకీ టెంక అంటుకునే ఉండాలి, లేకపోతే నాలుగు నెలలు తిరిగేసరికి ఊటలో ముక్క మెత్తబడిపోతుంది. ఆ కొట్టే కుర్రాడికి ఇరవయ్యేళ్లుంటాయేమో, ఒక్క ముక్క కూడా టెంక లేకుండా పోనివ్వడం లేదు. కొట్టిన ముక్కలు గుడ్డలో మూట కట్టుకుని ఆడవాళ్లు ఆటోలెక్కుతుంటే రోడ్డంతా పుల్లటి వాసన.

మిగతా సరుకు సంగతీ చెప్పేస్తాను. సువర్ణరేఖ దిగింది, బుగ్గ ఎర్రబడ్డ కాయ మన ఉత్తరాంధ్ర సొత్తు. వాసన చూసి కొనుక్కోండి, రంగు చూసి కాదు. ముంజెలు పొద్దున్నే వెళ్తేనే లేతవి. పనస తొనలు ఆకులో పెట్టి అమ్ముతున్నారు. పలాస జీడిపప్పు గుండు కంటే బద్ద కొనుక్కోవడమే లాభం, వేయించుకోవడానికి రెండూ ఒకటే.

ఇక ఈ వేసవిలో మా ఇంటి ముచ్చట. జర్మనీలో చదువుకుంటున్న మా మేనల్లుడు సెలవులకి వచ్చాడు. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు మనిషికి రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కదా, వాడు ఆ రెండు లీటర్లూ అరలీటరు టిన్నుల్లో బీరు తెచ్చాడు. సగం చెక్ దేశపు పిల్స్నర్ ఉర్కెల్, సగం జర్మనీ బిట్‌బర్గర్. "మావయ్యా, ఇవి నాన్నగారూ మీరూ తాగండి. కానీ ఊరికే తాగెయ్యకండి. మన దగ్గర దొరికేవి కూడా తెచ్చి పక్కపక్కన పెట్టుకుని చూడండి, తేడా తెలుస్తుంది" అన్నాడు. తండ్రి ముందు గ్లాసు పట్టుకోవడం ఇష్టంలేక వాడు మాత్రం జగదాంబ వైపు సినిమాకి వెళ్లిపోయాడు.

మా బావగారు ఇక్కడి బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ 1966లో చెకోస్లొవేకియా సాంకేతిక సహకారంతో మొదలైంది. హైదరాబాద్ రామచంద్రపురంలోని బీహెచ్‌ఈఎల్‌కీ ఆ దేశమే చెయ్యందించింది. అక్కడి టర్బైన్ల పరిజ్ఞానం స్కోడా వాళ్లది. ఆ స్కోడా పుట్టిన ఊరు పిల్జెన్. ఉర్కెల్ టిన్ను మీద ఆ ఊరి పేరు చదవగానే బావగారి మొహం వెలిగిపోయింది. "ఇది స్కోడా వాళ్ల ఊరు కదోయ్!" అన్నారు. నిజమే. ఎమిల్ స్కోడా 1869లో అక్కడి యంత్రాల కర్మాగారాన్ని కొన్నాడు. అప్పటికి ఆ ఊరి కొత్త బీరు పుట్టి ఇరవై ఏడేళ్లు. తెలుగునాట కరెంటు పుట్టించిన టర్బైన్ల వెనకా, ఇవాళ లోకంలో ఎక్కువమంది తాగే బీరు వెనకా ఉన్నది ఒకే ఊరని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. ఆ సాయంత్రమంతా బావగారు ఫ్యాక్టరీ కబుర్లే చెప్పారు, వినడానికి ఎంతో బాగున్నాయి.

పిల్జెన్ కథ తెలిసినవాళ్లకి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1838లో ఆ ఊళ్లో కాచిన బీరు ఎంత పాడైపోయిందంటే, 36 పీపాల సరుకుని పురపాలక భవనం ముందు నేలపాలు చేశారు. బీరు కాచుకునే హక్కున్న పౌరులందరూ కలిసి సొంతంగా ఒక మంచి బ్రూవరీ కట్టుకోవాలని ఆ మరుసటి ఏడు నిశ్చయించుకున్నారు. బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే 29 ఏళ్ల బీరు మేస్త్రీని రప్పించారు. ఆయన 1842 అక్టోబర్ 5న మొదటి కాపు కాచాడు. నవంబర్ 11న ఊరి జనం రుచి చూశారు. అంతవరకూ ఆ ప్రాంతంలో బీరంటే ముదురు రంగుదే, మసగ్గా ఉండేదే. ఇది మాత్రం బంగారు రంగులో, గ్లాసు అవతల మనిషి కనిపించేంత తేటగా వచ్చింది. గ్రోల్ 1845లో సొంత ఊరు ఫిల్స్‌హోఫెన్ వెళ్లిపోయాడు. ఆయన చూపించిన దారి మాత్రం ప్రపంచమంతా పాకింది.

ఆ తేటదనం ఎక్కణ్ణించి వచ్చిందంటే, నాలుగు సంగతులు కలిసొచ్చాయి. మొదటిది మాల్ట్. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. కట్టెల మంట మీద ఆరబెడితే రంగు మాడుతుంది, పొగ కంపు అంటుతుంది. పిల్జెన్‌లో ఇంగ్లండ్ పద్ధతి కొలిమి పెట్టి, పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టారు. రెండోది నీళ్లు. ఆ ఊరి నీళ్లలో ఖనిజ లవణాలు చాలా తక్కువ, అందుకే చేదు గొంతుకి గుచ్చుకోకుండా మెత్తగా దిగుతుంది. మూడోది దగ్గర్లోనే జాటెట్స్ ప్రాంతంలో పండే హాప్స్. తీగ మీద కాసే ఆ పువ్వులే బీరుకి చేదూ వాసనా ఇస్తాయి. నాలుగోది చలి. గ్రోల్ వాడినది బవేరియా ఈస్టు, అది పది డిగ్రీల దరిదాపుల్లో పీపా అడుగున నిదానంగా పని చేస్తుంది. తర్వాత వారాల తరబడి భూమి కింద సొరంగాల్లో చల్లగా ఉంచితే అడ్డు వాసనలన్నీ తగ్గిపోయి బీరు తేరుకుంటుంది. ఆ బ్రూవరీ కింద తవ్విన సొరంగాలు తొమ్మిది కిలోమీటర్ల మేర ఉన్నాయి.

విశాఖ మే నెలలో కూర్చుని ఆలోచిస్తే ఈ నాలుగో సంగతే నాకు అన్నిటికంటే అబ్బురం. చలి లేకపోతే ఈ బీరే లేదు. అందుకే దీన్ని మొదట చల్లటి దేశాలవాళ్లే కాచుకున్నారు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రం తయారుచేశాడు. దానికి మొదట డబ్బు పెట్టినవాళ్లూ, కొన్నవాళ్లూ బీరు తయారీదారులే, ఏడాది పొడవునా చల్లదనం కావాల్సింది వాళ్లకే గనక. ఆ పరిజ్ఞానమే తర్వాత ఐసు ఫ్యాక్టరీలైంది, కోల్డ్ స్టోరేజీలైంది, మన హార్బర్ నుంచి పరదేశాలకి వెళ్లే రొయ్యల్ని కాపాడే ఫ్రీజరైంది. ఐసు పెట్టెలోంచి కోనెం తీసి చూపించిన ఆ అమ్మకీ, పిల్జెన్ మేస్త్రీకీ మధ్య ఇంత చుట్టరికం ఉంది.

ఈస్టు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి కల్తీలేని ఈస్టుని పెంచాడు. దాంతో ఏ కాపు చెడిపోతుందో అన్న భయం పోయింది. కార్ల్స్‌బర్గ్ వాళ్లు దాన్ని దాచుకోకుండా తోటి బ్రూవరీలకి పంచిపెట్టారు. వ్యాపారంలో అంత పెద్ద మనసు అరుదు. ఆ చలి ఈస్టుకి తల్లిదండ్రుల్లో ఒకరు రొట్టెలూ బీర్లూ పొంగించే మామూలు ఈస్టే. రెండోవారి ఆచూకీ 2011లో గానీ దొరకలేదు. దొరికింది ఎక్కడో కాదు, దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా అడవుల్లో, చెట్ల బుడిపెల మీద.

సరే, పరీక్ష. ఇక్కడి వైన్ షాపులో లైట్ బీర్లు ఏవేవి ఉంటే అవి తెచ్చాం: కింగ్‌ఫిషర్ ప్రీమియం, బడ్వైజర్, హైనెకెన్, కార్ల్స్‌బర్గ్. 2019 అక్టోబర్ నుంచి ఐదేళ్లు మన రాష్ట్రంలో దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబర్ 16 నుంచి 3,396 ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు అవతల పేర్లు బాగానే కనిపిస్తున్నాయి. వీటిలో ప్రతిదీ పిల్జెన్ బీరుకి దగ్గరో దూరమో చుట్టమే. సీసా వెనక చీటీ చదవడం అలవాటు చేసుకోండి. ఎక్కడ కాచారో, ఏ నెలలో కాచారో, ఆల్కహాల్ ఎంతో అన్నీ అక్కడే ఉంటాయి. లైట్ బీరు పాతబడితే బాగుపడదు, వీలైనంత కొత్త తారీఖుదే పట్టుకోవాలి. యునైటెడ్ బ్రూవరీస్ వాళ్లకి మన పక్కనే, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో బ్రూవరీ ఉంది. దగ్గర్లో కాచినది దొరికితే అంతకంటే అదృష్టం ఏముంది.

అల్లిపురంలో మా డాబా మీద, ఎండ దిగాక, సముద్రం గాలి మొదలయ్యాక కూర్చున్నాం. మా అక్కయ్య బీరు ముట్టదు, కానీ పోసే పని తనే తీసుకుంది. ఏ గ్లాసులో ఏది పోసిందో మాకు చెప్పకుండా అడుగున అంకెలు రాసిన చీటీలు పెట్టింది. ఒక్కో దాంట్లో నాలుగు గుక్కలకి మించి పొయ్యలేదు. పోల్చి చూడ్డానికి అంతే కావాలి, అంతకంటే ఎక్కువైతే నాలుగో గ్లాసుకి నాలుకా బుర్రా రెండూ మొద్దుబారతాయి. చేదు తక్కువవి ముందు, ఎక్కువవి చివర. మధ్యలో మంచినీళ్లు, రెండు గింజలు ఉప్పులేని మరమరాలు. బీరుని గడ్డకట్టేంత చల్లగా పుచ్చుకుంటే చల్లదనం తప్ప ఏ రుచీ తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగితే ఏడెనిమిది డిగ్రీలకి వస్తుంది. ఆ వేడిమిలోనే వాసనలు పైకి లేస్తాయి. మన ఊరి ఉక్కకి ఆ కాసేపు కూడా ఎక్కువసేపు కాదు, గ్లాసుకి చెమట పట్టడం చూస్తూ ఉండగానే అయిపోతుంది.

మొదటి గ్లాసు తేలిగ్గా, శుభ్రంగా, నీళ్లలా జారిపోయింది. లేత ఆపిల్ వాసన లీలగా వచ్చి పోయింది. బావగారు "ఇది బడ్వైజరే" అన్నారు, చీటీ తీస్తే అదే. దాంట్లో బార్లీతో పాటు బియ్యం వాడతారు. బియ్యం పడితే ఒళ్లు పల్చబడుతుంది, రుచి సన్నబడుతుంది. బియ్యం తినే మనకి అది కొత్తగా అనిపించకపోవడంలో వింత లేదు. రెండోది కింగ్‌ఫిషర్. గింజ తీపి కాస్త ముందుకొచ్చింది, చేదు వెనకెక్కడో ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా తెలిసిన రుచే. కానీ పక్కన వేరేవి పెట్టుకుని తాగితే దాని తీపిని మొదటిసారి విడిగా గుర్తుపట్టాను. హైనెకెన్‌లో పండు వాసన తెలిసింది, అది ఆ ఈస్టు గుణం. కార్ల్స్‌బర్గ్ మరీ మెత్తన, మాల్ట్ కొంచెం ఎక్కువ. ఈ రెంటినీ నేను విడదీయగలిగాను, బావగారు తారుమారు చేశారు.

తర్వాత బిట్‌బర్గర్ వచ్చింది, ఆట మారిపోయింది. పశ్చిమ జర్మనీలో ఐఫెల్ కొండల దగ్గరి చిన్న ఊరి బ్రూవరీ అది, 1883లో పిల్స్నర్ కాయడం మొదలుపెట్టింది. రంగు మిగతావాటి కంటే పాలిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్న అక్కయ్య "అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన" అంది, ఒక్క చుక్క తాగకుండా అంత కచ్చితంగా చెప్పింది. నోట్లో పెట్టుకుంటే పొడిగా, చురుగ్గా, తీపి మాట ఎత్తకుండా దిగి, మింగాక చేదు నిలబడింది. కొత్త ఆవకాయలో మెంతి చేదు కారం వెనక నుంచి వచ్చి నాలుక చివర నిలుస్తుంది చూడండి, అలాంటి చేదు. మొదటి గుక్కకి బావగారు మొహం చిట్లించారు. మూడో గుక్కకి "ఊ, ఇది మళ్లీ తాగమంటోంది" అన్నారు. మంచి పిల్స్నర్ చేసే పని అదే. చేదు నోటిని కడిగేస్తుంది, కడిగిన నోరు మళ్లీ అడుగుతుంది.

చివరికి ఉర్కెల్. ఇది బిట్‌బర్గర్ కంటే ముదురు బంగారం. 4.4 శాతమే ఆల్కహాల్, ఆ సాయంత్రం తాగినవాటిలో అన్నిటికంటే తక్కువ. అయినా నోరు నిండిపోయింది. రొట్టె పెచ్చు వాసన, వెనక సన్నగా వెన్న వాసన, దాని మీద ఏదో మూలిక ఘాటు. ఈ నిండుదనానికి కారణం కాచే పద్ధతి. మాల్ట్ కలిపిన జావలో కొంత భాగాన్ని విడిగా తీసి మరగబెట్టి మళ్లీ కలుపుతారు, అలా మూడుసార్లు చేస్తారు. బోలెడు శ్రమ, బోలెడు ఇంధనం. చాలా బ్రూవరీలు ఆ పని మానేశాయి, వీళ్లు మానలేదు. చేదుని కొలిచే అంతర్జాతీయ కొలత ఒకటుంది. బడ్వైజర్ లాంటి అమెరికా తరహా లాగర్లు దాని మీద 10 చుట్టుపక్కల ఉంటే, ఉర్కెల్ 40 దరిదాపుల్లో ఉంటుంది. అయినా బిట్‌బర్గర్ అంత చేదు అనిపించలేదు, మాల్ట్ తీపి దాన్ని పట్టుకుని ఉంది. నా ఓటు ఉర్కెల్‌కే. బావగారు బిట్‌బర్గర్ దగ్గరే ఆగిపోయారు, నేనెంత చెప్పినా కదల్లేదు.

నురగ గురించి చెప్పాలి. మనవాళ్లు చాలామంది నురగ రాకుండా గ్లాసు వంచి అంచు వెంట పోస్తారు, నురగ వస్తే డబ్బు నష్టం అన్నట్టు. చెక్ దేశంలో దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ కుళాయి తిప్పేవాడి పనితనాన్ని నురగ చూసే అంచనా వేస్తారు. దాదాపు గ్లాసంతా తడి నురగే పోసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. నురగ మూతలా ఉండి హాప్స్ వాసనని పట్టి ఉంచుతుంది, కింది బీరుకి గాలి తగలనివ్వదు. అక్కయ్య మొదట సగం వంచి పోసి, తర్వాత నిటారుగా పట్టుకుని పోసింది. ఉర్కెల్ మీద రెండు వేళ్ల మందాన తెల్లగా, చిక్కగా నిలిచింది. తాగిన ప్రతి గుక్కకీ గ్లాసు లోపలి గోడ మీద ఒక తెల్లటి వలయం మిగిలింది. నా గ్లాసు మీద వలయాలు చివరిదాకా ఉన్నాయి. బావగారి గ్లాసులో నురగ రెండు నిమిషాల్లో మాయమైపోయింది. కారణం నెత్తళ్లు. వేపుడు తిన్న పెదాల మీది నూనె అంచుకి తగిలితే చాలు, నురగ నిలవదు. గ్లాసుకి సబ్బు మరక మిగిలినా అంతే. పెదాలు తుడుచుకుని తాగితే ఆ చిక్కు లేదు.

నెత్తళ్ల మాట వచ్చింది కాబట్టి మంచింగ్ సంగతి. తలలు తుంచి, వేడినీళ్లలో ఒక్కసారి జాడించి, ఆరబెట్టి, కారం పసుపు పట్టించి తక్కువ నూనెలో వేయించింది అక్కయ్య. ఉప్పు దాంట్లోనే ఉంది. ఉర్కెల్‌తో ఆ జత కుదిరినట్టు ఇంకేదీ కుదరలేదు, ఎండుచేప ఉప్పుకి మాల్ట్ తీపి సరిగ్గా అమరింది. బిట్‌బర్గర్‌తో పచ్చి మామిడికాయ చీలికలు, ఉప్పు జల్లి, కారం లేకుండా. కారం ఎందుకొద్దంటున్నానంటే హాప్స్ చేదూ, గ్యాసు బుడగలూ కలిసి మంటని ఇంకా రేపుతాయి, నాలుక మండుతుంటే గడ్డి వాసన ఎవరికి తెలుస్తుంది? మిరపకాయ బజ్జీ, బీచి మీది మూరీ మిక్చర్ లాంటి కారపు సరుక్కి కింగ్‌ఫిషర్, బడ్వైజర్ వంటి తేలిక బీర్లే నయం. వేయించిన జీడిపప్పు అన్నిటితోనూ కలిసిపోయింది. ఉడికించిన వేరుశనక్కాయలు కూడా అంతే, ఖర్చూ తక్కువ.

మన దేశంలో అమ్ముడయ్యే పది సీసాల్లో ఎనిమిదికి పైగా స్ట్రాంగ్ బీరే. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం అంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 4.8 శాతం లైట్ బీరులో 31. ఇచ్చిన డబ్బుకి కిక్కు ఎంత అని లెక్కేస్తే స్ట్రాంగ్ గెలుస్తుంది, ఆ లెక్క వేసుకునేవాళ్లని నేను తప్పు పట్టను. కానీ ఆల్కహాల్ పెరిగేకొద్దీ దాని తీపీ వేడీ నోటిని కప్పేస్తాయి. హాప్స్ ఏం చెబుతోందో, నీళ్లు ఎలా ఉన్నాయో, ఈస్టు శుభ్రంగా పని చేసిందో లేదో ఏదీ వినిపించదు. పిల్స్నర్ అలా కాదు. దాచుకోవడానికి దాంట్లో ఏమీ ఉండదు, చిన్న తప్పు జరిగినా బయటపడుతుంది. అందుకే అది కాయడం కష్టమని బ్రూవరీల వాళ్లంటారు, అందుకే నాకది ఇష్టం. రెండు సీసాలు గటగటా తాగే చోట ఒకటే తీసుకుని గంట సేపు కూర్చోండి. మీ సాయంత్రం చిన్నబోదు.

ఇంకో హెచ్చరిక, ఇది ముఖ్యం. ఒక దుకాణంలో ఎండ పడే చోట వరసగా పేర్చిన ఆకుపచ్చ సీసాల్లోంచి ఒకటి కొన్నాను. మూత తియ్యగానే కుళ్లు కంపు. తయారీలో లోపం కాదది. సూర్యకాంతి తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకపు వాసన పుట్టిస్తుంది. తెల్ల గాజూ ఆకుపచ్చ గాజూ వెలుగుని ఆపలేవు, గోధుమ రంగు గాజు చాలావరకూ ఆపుతుంది, టిన్నులోకి అసలు వెలుగే వెళ్లదు. మన ఎండల్లో కొన్ని నిమిషాలు చాలు. కాబట్టి ఆకుపచ్చ సీసా కొంటే లోపలి అరలోంచీ, అట్టపెట్టెలోంచీ తీసివ్వమని అడగండి. ఇంటికి సంచీలో తీసుకెళ్లండి. ఆవకాయ కాయల కోసం పట్టుకెళ్లిన ముతక గుడ్డ సంచీ దానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

హైదరాబాద్ వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడి మైక్రోబ్రూవరీల్లో జనం ఎక్కువగా అడిగేది గోధుమ బీరు. మసగ్గా, అరటిపండు వాసనతో ఉంటుంది. ఆ వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థానిది, వెచ్చగా పనిచేసే ఈస్టు దాన్ని పుట్టిస్తుంది. చల్లగా పనిచేసే ఈస్టు ఆ పని దాదాపు చెయ్యదు, అందుకే పిల్స్నర్‌లో పండ్లకి చోటు తక్కువ. రెండూ చిన్న గ్లాసుల్లో అడిగి పక్కపక్కన పెట్టుకుంటే ఈస్టు ఏం చేస్తుందో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. పిల్స్నర్ పేరు పలక మీద కనిపిస్తే తప్పకుండా అడగండి. చోటునీ టాంకునీ వారాల తరబడి కేటాయించి దాన్ని కాచినవాళ్లకి గిరాకీ ఉందని తెలియాలి.

బీరు సంగతి పక్కన పెట్టి, ఊరి కబురు ఒకటి. వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదికి ఒక్కసారి అప్పన్న నిజరూప దర్శనం. ఆ ముందు రోజు నుంచే కొండ దారిలో ట్రాఫిక్ మళ్లిస్తారు, గోపాలపట్నం వైపు పనులుంటే ముందే చూసుకోండి. కొండకి వెళ్లినవాళ్లు దిగేటప్పుడు సంపెంగలు తెచ్చుకోండి.

జూన్ 14 అర్ధరాత్రి వేట నిషేధం తీరుతుంది. బోట్లు వెళ్లి తిరిగొచ్చేసరికి కొన్ని రోజులు పడుతుంది, ఆ మొదటి సరుకు కోసం మార్కెట్లో ఇప్పుడే చెప్పి ఉంచాను. మా ఫ్రిజ్ కింది అరలో ఇంకా ఒక బిట్‌బర్గర్ టిన్నూ, ఒక ఉర్కెల్ టిన్నూ ఉన్నాయి. కోనెం ముక్కలు కాస్త ఉప్పూ, మిరియాలపొడీ, నిమ్మరసం మాత్రమే పట్టించి పెనం మీద కాల్చి, ఈసారి రెండు టిన్నులూ ఒకేసారి తెరుస్తాం. బావగారు తన ఓటు మార్చుకోనని ఇప్పటికే చెప్పేశారు.